531116 : మన ఊరి నంబరు మీద నేను వేసిన లెక్క



డిసెంబరు 22 శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు (1887). అందుకని ఈ నెల గోడ పత్రికలో లెక్కల మీద ఏదో ఒకటి రాయమని మాస్టారు నాకొక డ్రాయింగు షీటు ఇచ్చారు. రామానుజన్ అనగానే అందరూ 1729 రాస్తారు. పోయిన ఏడాది ఇదే గోడ మీద అదే వచ్చింది, అంతకు ముందు ఏడాదీ అదే. ఆసుపత్రిలో ఉన్న రామానుజన్‌ని చూడటానికి హార్డీ గారు టాక్సీలో వెళ్ళడం, ఆ టాక్సీ నంబరు చప్పగా ఉందనడం, చప్పనిది కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన సంఖ్యల్లో అదే అన్నిటికన్నా చిన్నదని రామానుజన్ చెప్పడం, ఇదంతా మీకు నోటికి వచ్చు. కాబట్టి నేను మన నంబరు గురించి రాస్తాను. అది మన గేటు మీద ఉంది. స్టోర్ రూములో బియ్యం బస్తాల చీటీ మీద ఉంది. మీ అందరి అప్లికేషన్ల మీదా ఉంది. 531116. నర్సీపట్నం పిన్ కోడు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఈ లెక్క ఎందుకు వేశానో మీకు అర్థం కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ప్రవేశ పరీక్షకి అప్లికేషన్ పెట్టాలనుకున్నాను. కుల ధ్రువీకరణ పత్రం అసలుది కావాలన్నారు. అది మా ఊళ్ళో ఇంటి దగ్గర పెట్టెలో ఉంది. ఆదివారం వార్డెన్ సార్ ఫోనులోంచి మా అన్నకి చెప్పాను. మా అన్న ఏడు వరకు చదివి మానేశాడు, ఇప్పుడు కాఫీ తోటల్లో కూలికి వెళ్తాడు. లంబసింగి మీదుగా ఘాటు దిగితే మన ఊరే, తనే తెచ్చి ఇచ్చేయొచ్చు. కానీ అప్పుడు కాఫీ పళ్ళ కోత. రెండు రోజుల కూలి పోతుందని, ఒక్క పూట చింతపల్లి వచ్చి పోస్టు చేసేశాడు. అడ్రసు నేనే ఫోనులో చెప్పాను. బోర్డు చూసి నా నోటుబుక్కులో గబగబా ఎక్కించుకున్న నంబరు చూసి చదివాను. 531161 అని చదివాను.

కవరు పద్నాలుగు రోజులకి వచ్చింది. దాని మీద మూడు ముద్రలు ఉన్నాయి. ఎవరో 61ని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 16 అని రాశారు. ఆ రాసినవాళ్ళెవరో నాకు తెలీదు, వాళ్ళకి నమస్కారం. అప్పటికి ఆఖరు తేదీ దాటి రెండు రోజులైంది. పరీక్ష రాయలేదు.

అన్న నన్నేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఒక్క మాటన్నాడు. "ఏట్రా, నూట పదహారు అని చెప్తే సరిపోను కదా. పెళ్ళిలో చదివింపుల్లాగ. అరవై ఒకటి అని ఎవుడు రాస్తాడు?" అన్నాడు. నిజమే. మన నంబరు మొత్తంగా చదివితే ఐదు లక్షల ముప్పై ఒక్క వేల నూట పదహారు. చివరి మూడంకెలూ నూటపదహారే! నాలుగేళ్ళు ఆ బోర్డు కిందనుంచి నడిచాను గానీ నాకెప్పుడూ తట్టలేదు.

అప్పటినుంచి ఆ నంబరంటే నాకు కోపం. కోపంతోనే ఒక రాత్రి స్టడీ అవర్‌లో నోటుబుక్కు ఆఖరి పేజీలో రాసుకుని ముక్కలు చెయ్యడం మొదలుపెట్టాను. అంటే ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం. 

దానికి ముందు పిన్ కోడు అంటే ఏమిటో కొంచెం. మన దేశంలో ఇది 1972 ఆగస్టు 15న మొదలైంది. దీన్ని తయారుచేసినవారు తపాలా తంతి శాఖలో పెద్ద అధికారిగా పనిచేసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు. ఆయన సంస్కృత కవి కూడా. ఒకే పేరుతో ఊళ్ళు చాలా ఉంటాయి, ఒక్కో భాషలో ఒక్కోలా రాస్తారు, అందుకని ఊరికి అంకెలు ఇచ్చారు. మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడంకెలు కలిపి 531 అంటే ఉత్తరాలు విడదీసే ప్రాంతం. చివరి మూడూ పంచిపెట్టే తపాలా ఆఫీసువి. 2014లో రాష్ట్రం రెండయింది. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా విడిపోయి మనం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం, చింతపల్లి, పాడేరు వాళ్ళు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళారు. బోర్డు మీద జిల్లా పేరుకి కొత్త రంగు వేశారు. నంబరు మాత్రం అదే.

ఇక లెక్క.

531116 చివర 6 ఉంది, సరి సంఖ్య. 2తో భాగిస్తే 265558. మళ్ళీ 2తో, 132779. ఇది బేసి. ఇక్కడిదాకా ఆరో తరగతి తమ్ముళ్ళు కూడా చేసేస్తారు. 3? అంకెల మొత్తం 1+3+2+7+7+9 = 29, పోదు. 5 పోదు. 7తో శేషం 3. 11తో శేషం 9. 13తో శేషం 10. 17తో 9. 19తో 7.

ఇక్కడ చాలామంది ఆపేస్తారు. నేనూ పెన్ను మూసేశాను. "ఇది ప్రధాన సంఖ్యే అయ్యుంటుంది" అనుకున్నాను. కానీ అలా అనుకోవడానికి వీల్లేదు. 364 వర్గం 132496, 365 వర్గం 133225. అంటే 132779 వర్గమూలం 364కీ 365కీ మధ్య ఉంది. ఒక సంఖ్యకి కారణాంకాలు ఉంటే వాటిలో ఒకటి వర్గమూలం లోపే ఉండాలి, రెండూ దానికంటే పెద్దవైతే లబ్ధం సంఖ్యని దాటిపోతుంది కదా. కాబట్టి ప్రధాన సంఖ్య అని చెప్పాలంటే 364 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అవి 72 ఉన్నాయి. నేను చూసినవి ఎనిమిది. మిగతా 64 చూడకుండా తీర్పు చెప్పేస్తున్నాను. బోర్డు మీద నంబరు సరిగ్గా చూడకుండా ఎక్కించుకున్నట్టే ఇదీను.

మళ్ళీ పెన్ను తీసి 23తో భాగించాను. 23 × 5773 = 132779. శేషం సున్నా!

5773ని మళ్ళీ 2 నుంచి మొదలుపెట్టక్కర్లేదు. 23 కంటే చిన్నవేవీ పోవని ముందే చూసేశాం. మళ్ళీ 23తోనే చూస్తే 23 × 251 = 5773. మళ్ళీ సున్నా! ఇక 251. దీన్ని అసలు భాగించే పనే లేదు. 16 వర్గం 256, అంటే 251కి కారణాంకం ఉంటే 16 లోపే ఉండాలి. అది ఉంటే 132779ని కూడా భాగించి ఉండేది, మనం అన్నీ చూశాం, పోలేదు. కాబట్టి 251 ప్రధాన సంఖ్య.

531116 = 2 × 2 × 23 × 23 × 251.

రెండు రెళ్ళు, రెండు ఇరవై మూళ్ళు, చివర ఒంటరిగా ఒక 251. జంటల్ని కలిపితే 2 × 23 = 46. అంటే 531116 = 46 వర్గం × 251. నమ్మకపోతే చూడండి, 46 వర్గం 2116. దాన్ని 250తో గుణిస్తే 529000, ఇంకో 2116 కలిపితే 531116.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏదో ఒక ఆరంకెల సంఖ్య తీసుకుంటే దానిలో ఇంత పెద్ద ప్రధాన సంఖ్య రెండుసార్లు దూరడం అరుదు. 23 వర్గం 529, అంటే వరసగా 529 సంఖ్యలు తీసుకుంటే వాటిలో ఒక్కటే దాని గుణిజం.

పొద్దున్న మాస్టారికి చూపించాను. ఆయన చూసి నవ్వి, "బాగుంది గానీ, పిన్ కోడు సంఖ్య కాదురా, పేరు. రెండు పిన్ కోడులు కూడితే ఏం వస్తుంది? ఏమీ రాదు. దాన్ని భాగించడం ఎందుకు?" అన్నారు. ఆ మాట నన్ను నాలుగు రోజులు తినేసింది. మాస్టారు చెప్పింది నిజమే. నర్సీపట్నంలో 531116 వస్తువులేమీ లేవు. అయినా, అంకెలతో పేరు పెట్టాక అది లెక్కలకి లోబడక తప్పదు అని నా అభిప్రాయం. నా తప్పు కూడా లెక్కలో దొరికే తప్పే అని కింద చూపిస్తాను.

ముందు కొన్ని చిన్న సంగతులు. ఈ సంఖ్యకి మొత్తం 18 కారణాంకాలు. ఎలాగంటే, 2ని సున్నాసార్లు, ఒకసారి, రెండుసార్లు తీసుకోవచ్చు, మూడు రకాలు. 23కీ మూడు రకాలు. 251కి రెండు. 3 × 3 × 2 = 18. అవన్నీ కూడితే 975492. దానిలోంచి సంఖ్యనే తీసేస్తే 444376, అది 531116 కంటే తక్కువ. అంటే మన సంఖ్య 6, 28ల్లాంటి పరిపూర్ణ సంఖ్య కాదు. అంకెల మొత్తం 17. ఇంకోటి, 729 వర్గం 531441. ఇది 3ని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చేది. మన నంబరు దానికి 325 తక్కువ. ఇవి ముచ్చటకి రాశాను, వీటివల్ల ఒరిగేదేమీ లేదు.

నాకు బాగా నచ్చింది వర్గాల సంగతి. 251 = 225 + 25 + 1, అంటే 15 వర్గం + 5 వర్గం + 1 వర్గం. ప్రతిదాన్నీ 46తో గుణించుకుంటే,

531116 = 690 వర్గం + 230 వర్గం + 46 వర్గం.

476100, 52900, 2116. కూడి చూసుకోండి. పొలం భాషలో చెప్పాలంటే, మూడు చదరపు మడులు, ఒక్కోదాని భుజం 46, 230, 690 అడుగులు అనుకోండి, ఆ మూడింటి వైశాల్యం కలిపితే సరిగ్గా మన పిన్ కోడు అన్ని చదరపుటడుగులు. భుజాలు కూడా ముద్దుగా ఉన్నాయి. 46కి ఐదు రెట్లు 230, 230కి మూడు రెట్లు 690.

మరి రెండు మడులతో అవుతుందా? అవదు. వెతికి దొరక్క అవదు అనడం లేదు, దొరకదని రుజువు ఉంది. ఏ సరి సంఖ్య వర్గాన్నయినా 4తో భాగిస్తే శేషం 0. ఏ బేసి సంఖ్య వర్గాన్నయినా భాగిస్తే శేషం 1. మన సంఖ్య 4తో పోతుంది. రెండు వర్గాలు కూడితే శేషం 0 రావాలంటే రెండూ సరి సంఖ్యల వర్గాలే కావాలి. అప్పుడు రెండు భుజాల్నీ సగం చేస్తే వైశాల్యం నాలుగో వంతు, అంటే 132779, మళ్ళీ రెండు వర్గాల మొత్తం కావాలి. కానీ 132779ని 4తో భాగిస్తే శేషం 3. రెండు వర్గాలు కూడితే శేషం 0, 1, 2 వస్తాయి గానీ 3 ఎప్పటికీ రాదు. అయిపోయింది. ప్రతి సంఖ్యనీ నాలుగు లేక అంతకు తక్కువ వర్గాల మొత్తంగా రాయవచ్చని 1770లో లగ్రాంజ్ అనే ఆయన రుజువు చేశారు. మన సంఖ్యకి మూడు చాలు, రెండు చాలవు.

ఇప్పుడు పక్క ఊళ్ళు. మా గదిలో పాడేరు వాడొకడు ఉన్నాడు. "మీదేనా గొప్ప, మాది కూడా చెయ్యి" అన్నాడు. పాడేరు 531024. నేను భాగించడం మొదలుపెట్టకుండా ముందు తేడా తీశాను. 531116 − 531024 = 92. దీనికి కారణం ఉంది. రెండు సంఖ్యల్ని ఒకే సంఖ్య భాగిస్తే వాటి తేడానీ అదే భాగిస్తుంది. ఇది యూక్లిడ్ పద్ధతి, 2300 ఏళ్ళ కిందటిది. ఆరంకెల గొడవ రెండంకెల్లోకి వచ్చేసింది. 92 = 4 × 23. మన సంఖ్యలో 4 ఉంది, 23 ఉంది. కాబట్టి 92 మన సంఖ్యని భాగిస్తుంది, పాడేరునీ భాగిస్తుంది. 92 × 5772 = 531024. 92 × 5773 = 531116.

చూశారా! 92వ ఎక్కంలో పాడేరు తర్వాత వచ్చేది నర్సీపట్నమే. మధ్యలో ఇంకే సంఖ్యా లేదు. రెండింటి గ.సా.భా 92. వాడు మంచం మీదనుంచి లేచి గెంతాడు.

తర్వాత జిల్లా కేంద్రం అనకాపల్లి, 531001. తేడా 115, అంటే 5 × 23. మళ్ళీ 23! 23 × 23087 = 531001. మూడు ఊళ్ళూ 23కి గుణిజాలే.

చింతపల్లి 531111. మనకి ఐదే ఐదు తక్కువ, అంకెల్లో మూడింటికంటే దగ్గర చుట్టం. తేడా 5 కాబట్టి ఉమ్మడి కారణాంకం ఉంటే 1 గానీ 5 గానీ అవ్వాలి. 5 మన సంఖ్యని భాగించదు. అంటే గ.సా.భా 1, ఉమ్మడిగా ఏమీ లేదు. చింతపల్లి విడిగా చేస్తే 3 × 7 × 7 × 3613 వచ్చింది. దాంట్లోనూ ఒక జంట ఉంది, 7.

ఇక్కడ ఒక మాట. ఈ 23 సంగతి విన్నాక మా తరగతిలో ఇంకొకడు, "అల్లూరి సీతారామరాజు కృష్ణదేవిపేట పోలీసు స్టేషను మీద పడింది ఆగస్టు 23నే కదా, అందుకే" అన్నాడు. తేదీ నిజమే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. కానీ దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 531001 నుంచి ప్రతి ఇరవై మూడో నంబరూ 23కి గుణిజమే: 531024, 531047, 531070, 531093, 531116. ఎవరో ఒకరికి ఆ నంబర్లు రాక తప్పదు. మనకీ పాడేరుకీ వచ్చాయి. తపాలా శాఖలో ఎవరూ కూర్చుని 23తో గుణించి ఇవ్వలేదు. లెక్కల్లో దొరికిన ప్రతి చక్కని సంగతి వెనకా ఎవరో ఉన్నారనుకుంటే అది జాతకం అవుతుంది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను. పెద్ద తరగతుల వాళ్ళు దయచేసి పెన్సిలు పట్టుకుని చదవండి.

పక్కపక్క అంకెలు తారుమారైతే సంఖ్య ఎంత మారుతుంది? 16, 61 తేడా 45. 53, 35 తేడా 18. 31, 13 తేడా 18. ఎప్పుడూ 9కి గుణిజమే. ఎందుకంటే పది స్థానంలో ఉన్న అంకె ఒకట్లలోకి వస్తే దాని విలువ పది రెట్ల నుంచి ఒక రెట్టు అవుతుంది, తొమ్మిది రెట్లు పోతుంది. రెండోది తొమ్మిది రెట్లు పెరుగుతుంది. కాబట్టి తేడా అంటే 9 × (అంకెల తేడా), దాని వెనక స్థానాన్ని బట్టి సున్నాలు. మన నంబరులో మధ్యలో మూడు ఒకట్లు ఉన్నాయి, అవి తారుమారైనా ఏమీ కాదు. కాబట్టి ఇలాంటి తప్పులు మూడే రకాలు: 351116, 513116, 531161. మొదటిది రాస్తే ఉత్తరం రాజస్థాన్, గుజరాత్ వైపు బయల్దేరుతుంది, 3తో మొదలయ్యేవి అక్కడివి. మూడోది నేను చేసింది.

అంకెల మొత్తంతో ఈ తప్పు పట్టుకోలేం. 531116కీ 531161కీ మొత్తం 17 ఒకటే. నేను కవరు పోయాక మొదట అలాగే సరిచూసుకుని, సరిగ్గానే ఉందని అనుకున్నాను కూడా.

కానీ 23తో పట్టుకోవచ్చు. అసలు సంఖ్య 23తో నిశ్శేషంగా పోతుంది. తారుమారు చేస్తే తేడా 9 × ఒక అంకె, వెనక సున్నాలు. 9లో 23 లేదు, ఒంటి అంకెలో 23 లేదు, 10లో లేదు. 23 ప్రధాన సంఖ్య కాబట్టి ఏ ముక్కలోనూ లేనిది లబ్ధంలోనూ ఉండదు. కాబట్టి తప్పు నంబరు 23తో పోనే పోదు. ఒకే ఒక్క అంకె తప్పు పడినా అంతే, అప్పుడు తేడా ఒక అంకె, దాని వెనక సున్నాలు. ఈ రెండు రకాల తప్పుల్లో ఏది చేసినా 23 పట్టేస్తుంది.

ఆరంకెలు 23తో భాగించడం కష్టం అంటారేమో. చిన్న ఉపాయం ఉంది. చివరి అంకెను తీసి 7తో గుణించి మిగిలిన భాగానికి కలపండి. అలా చేస్తూ పోండి. 

531116: 53111 + 42 = 53153.
5315 + 21 = 5336.
533 + 42 = 575.
57 + 35 = 92.
9 + 14 = 23. 

వచ్చేసింది. దారిలో 92 కూడా పలకరించింది!

నా తప్పు నంబరు, 531161: 53116 + 7 = 53123. 5312 + 21 = 5333. 533 + 21 = 554. 55 + 28 = 83. 8 + 21 = 29. పోలేదు.

ఇదెందుకు పనిచేస్తుందంటే, సంఖ్య అంటే ముందు భాగానికి పది రెట్లు, దానికి చివరి అంకె కలిపినది. మొత్తాన్ని 7తో గుణిస్తే ముందు భాగం డెబ్భై రెట్లు, చివరి అంకె ఏడు రెట్లు. డెబ్భైలో 69 రెట్లు పక్కన పెట్టండి, 69 = 3 × 23 కాబట్టి అది 23తో ఎలాగూ పోతుంది. మిగిలింది ముందు భాగం ఒక రెట్టు, చివరి అంకె ఏడు రెట్లు. అదే మనం కలిపింది. 7తో గుణించడం వల్ల 23తో పోయేది పోకుండా పోదు, పోనిది పోదు. 

దీనికి హద్దులు కూడా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో నా మీద పడతారు. ఇది 23కి గుణిజమైన పిన్ కోడులకే పనికొస్తుంది. చింతపల్లి వాళ్ళకి పనికిరాదు. రెండు మూడు అంకెలు ఒకేసారి తప్పు రాస్తే తప్పించుకోవచ్చు, మన బదులు పాడేరు రాసేస్తే 23 ఏమీ అనదు. అయినా నేను చేసిన తప్పు రెండు నిమిషాల్లో దొరికేది.

నేనేదో కొత్తది కనిపెట్టాననుకున్నాను. మాస్టారు లైబ్రరీలోంచి పాత పుస్తకం ఒకటి తీసి వెనక అట్ట చూపించారు. పుస్తకాల మీద ఐ.ఎస్.బి.ఎన్. అని ఒక నంబరు ఉంటుంది. 2006 దాకా అది పది అంకెలు. మొదటి తొమ్మిదీ పుస్తకానివి, పదోది కాపలా అంకె. ఒక్కో అంకెనీ దాని స్థానాన్ని బట్టి గుణించి కూడితే మొత్తం 11తో పోయేలా ఆ పదో అంకెని పెడతారు. 11 ఎందుకంటే అది ప్రధాన సంఖ్య, 9 కంటే పెద్దది. నా 23 చేసిన పనే! ఒక్కోసారి కాపలా అంకె 10 కావాల్సి వస్తుంది, ఒక్క గడిలో 10 పట్టదు కాబట్టి ఎక్స్ అని వేస్తారు. 2007 జనవరి నుంచి పదమూడు అంకెలకి మార్చారు. మన ఆధార్ నంబరులో పన్నెండో అంకె కూడా కాపలా అంకే. దాని పద్ధతి వెర్‌హూఫ్ అనే డచ్ గణితజ్ఞుడు 1969లో ప్రచురించినది. ఒక అంకె తప్పినా, పక్కపక్కవి తారుమారైనా తెలిసిపోతుంది. అందుకే ఆధార్ తప్పు కొడితే కంప్యూటరు వెంటనే తీసుకోనంటుంది.

పిన్ కోడుకి కాపలా అంకె లేదు. ఆరంకెలూ చిరునామాకే సరిపోయాయి. నా కవరు విషయంలో ఆ కాపలా పని చేసింది ఎర్ర సిరా పెన్ను పట్టుకున్న ఒక మనిషి.

దసరా సెలవుల్లో ఇదంతా అన్నకి చెప్పాను. కుంపటి దగ్గర కూర్చుని బొగ్గుతో గచ్చు మీద ఏడుతో గుణించడం చూపించాను. రుజువు వినలేదు గానీ ఉపాయం పట్టుకున్నాడు. పోయిన నెల నాకు స్వెట్టరు పార్సిలు పంపాడు. నాలుగో రోజుకి వచ్చింది. పిన్ కోడు పెద్ద అక్షరాల్లో 531116. కాగితం విప్పి చూస్తే లోపలివైపు పెన్సిలుతో 53153, 5336, 575, 92, 23 అని ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

చిన్న తరగతుల వాళ్ళకి ఒక ప్రశ్న: 531116ని ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే లబ్ధం ఖచ్చిత వర్గం అవుతుంది? జవాబు పైన ఉన్నదాంట్లోనే ఉంది.

ఈ షీటు అడుగున జానెడు ఖాళీ వదిలాను. మీ మీ ఊరి పిన్ కోడు, దాని ప్రధాన కారణాంకాలు అక్కడ రాయండి. పెన్సిలుతోనే రాయండి. పాడేరు, అనకాపల్లి, చింతపల్లి రాయొద్దు, అవి నేను చేసేశాను.

- పదో తరగతి విద్యార్థి